ఆహారపు రంగులు - ఎలుకలపై పరీక్షలు

వరిగడ్డిలో మాగిన చిన్నరసమునకు వేఱు రంగుతో పనిలేదు. కాని తాండ్రకును, పానకములకును, మిఠాయిలకును అంగడి రంగు కలుపు వాడుక కొన్నియెడల గలదు. కంటికింపైన దెల్ల కడుపునకు హితము కాజాలదు. ఈ హితాహితములను శాస్త్రజ్ఞు లెట్లు నిర్ణయింతురో ముసునూరు ప్రాంతపు రైతుసోదరు లెఱుంగుట అవసరము.

క్రొత్త వస్తువును ముందుగా మనుష్యులకు పెట్టి చూచుట ధర్మము కాదు. కావున తెల్లయెలుకలను గుంపులుగా విభజించి, ఒక గుంపునకు శుద్ధమైన మేతను, తక్కినవానికి అదే మేతలో రంగును క్రమముగా హెచ్చించుచు పెట్టుదురు. కొన్ని పరీక్షలు 90 దినములును, కొన్ని రెండేండ్లును సాగును. తూకము, రక్తము, కాలేయము, మూత్రపిండములు, సంతానము మున్నగువాని నన్నిటిని పరిశీలింతురు.

ఏ కీడును కలిగింపని మిక్కిలి హెచ్చు మోతాదును గుర్తించి, దానిని సాధారణముగా 100చే భాగింతురు. ఎలుకకును మనుష్యునకును గల భేదమునకై 10 వంతులు, మనుష్యులలో మనుష్యులకు గల భేదమునకై మరల 10 వంతులు. ఎలుకకు కిలో తూకమునకు 500 మిల్లీగ్రాములు నిరపాయమైనచో, మనకు 5 మిల్లీగ్రాములే హద్దు. 50 కిలోల వానికి దినమునకు 250. 15 కిలోల బిడ్డకు 75 మాత్రమే. రంగుమిఠాయిలపై మక్కువ బిడ్డలకే హెచ్చని మఱువరాదు.

వెన్నకు పసుపువన్నె నిచ్చుటకు వాడిన యొక రంగు ఎలుకల కాలేయమున పుట్టకురుపు కలిగించునని 1930ల దశకమున జపానులో తేలినది. అయినను ఎలుక సాక్ష్యమొక్కటే చాలదు. శాకరిన్ మెండుగా తిన్న ఎలుకల మూత్రాశయమున కంతులు పుట్టెను. ఆ కారణము ఎలుక శరీరధర్మమునకు చెందినదని పిమ్మట తెలిసి, 2000లో అమెరికా ప్రభుత్వము దానిని క్యాన్సరుకారకముల పట్టికనుండి తొలగించెను.

ఎలుకలకు మేత పెట్టి ఆహారగుణములు తెలిసికొనుట మనకు క్రొత్త కాదు. కూనూరులో 1918లో మెకారిసన్ దొర ఆరంభించిన పరిశోధనాలయమున వేర్వేఱు రాష్ట్రముల భోజనములను ఎలుకలకు పెట్టి పోల్చి చూచిరి. అదియే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా పనిచేయుచున్నది.

మనదేశమున ఆహారమునకు అనుమతింపబడిన కృత్రిమ వర్ణములు 8 మాత్రమే. మెటానిల్ యెల్లో వానిలో లేదు. కార్బైడుతో కాయలు మాగవేయుటయు నిషిద్ధము. అందు ఆర్సెనిక్, భాస్వరము లేశముగా నుండును. ఇథిలీను వాయువు పదివేల పాళ్లకు ఒక పాలు మించకుండ వాడవచ్చును. కావున పేరు లేని పొట్లపు రంగును కొనవలదు. మూగజీవులు ప్రాణమిచ్చి తెలిపిన హద్దును మీఱుట మనకు తగదు.