చరిత్ర ఎంత? కల్పన ఎంత?

నవల చదివేసి చరిత్ర తెలిసిపోయిందనుకునేవాళ్లు మన అమీర్‌పేట, పంజగుట్ట హాస్టళ్లలో చాలామందే ఉన్నారు. మాయలు, మంత్రాల కథలతో ఆ చిక్కు లేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియల్ 'ముగ్గురు మాంత్రికులు'లో మంత్రానికి సాక్ష్యం ఎవరడుగుతారు? కథ తన కట్టుబాటు తప్పకపోతే చాలు.

చారిత్రక నవల అలా కాదు. అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' పట్టుకుంటే అన్నం సంగతే గుర్తురాదు. కానీ రుద్రమదేవి మరణాన్ని తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనం చరిత్ర; గజదొంగగా గన్నారెడ్డి సాహసాలు రచయిత కల్పన. ఈ తేడా తెలిసి చదివితే రుచి తగ్గదు, పెరుగుతుంది.

రైతుబిడ్డగా నాదొక కోరిక. కాకతీయుల నాటి రామప్ప చెరువు నేటికీ పొలాలు తడుపుతోంది. కత్తి పట్టినవాళ్ల కథలు చదివాం. పార పట్టి ఆ కట్ట పోసినవాళ్ల నవల ఎవరు రాస్తారు?