ఉప్పునీటికి కొత్త సిమెంటు ఓర్చేనా?

సముద్రంపై వంతెన కట్టే ఇంజనీర్లు అలల కంటే ఉప్పుకే ఎక్కువగా జంకుతారు. నీటిలోని క్లోరైడులు కాంక్రీటు సూక్ష్మరంధ్రాల గుండా ఇనుప ఊచలను చేరతాయి. తుప్పుపట్టిన ఊచ ఉబ్బడంతో పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. నిత్యం నీట మునిగి ఉండే భాగానికి ప్రాణవాయువు అంతగా అందదు గనుక ముప్పు తక్కువ. ఆటుపోట్లకు తడిసి ఆరే భాగానికే అసలు గండం.

మరోవైపు, సిమెంటుకు మూలమైన క్లింకర్ కోసం సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వద్ద కాల్చవలసి ఉంటుంది. అప్పుడు ఇంధనం నుంచి కంటే రాయి నుంచే ఎక్కువ బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. అందుకే క్లింకర్ తగ్గించి ఉక్కు కర్మాగారాల స్లాగ్, థర్మల్ కేంద్రాల బూడిద, కాల్చిన బంకమన్ను కలుపుతున్నారు.

క్లింకర్ తగ్గితే మన్నిక తగ్గుతుందన్న శంక సహజమే. ఉప్పునీటి విషయంలో మాత్రం అది నిలవదు. ఈ పదార్థాలు రంధ్రాలను మరింత సన్నగా చేసి క్లోరైడులను నిలువరిస్తాయి. సముద్రపు నీటికి గురయ్యే కట్టడాలకు స్లాగ్ లేదా పొజోలానా సిమెంటు మేలని 2000 సంవత్సరపు ఐ.ఎస్. 456 ప్రమాణం పేర్కొంది. విశాఖ ఉక్కు కర్మాగారపు స్లాగ్ కూడా సిమెంటు పరిశ్రమకు చేరుతున్నదే.

తాజాగా రంగంలోకి వచ్చినది ‘ఎల్‌.సి.3’. స్విట్జర్లాండ్‌లోని లొసాన్ సంస్థతో కలిసి మన ఐ.ఐ.టి.లు దీనిపై పరిశోధనలు జరిపాయి. ఇందులో క్లింకర్ సగమే. 30 శాతం కాల్చిన బంకమన్ను, 15 శాతం సున్నపురాయి పొడి, మిగిలినది జిప్సం. భారతీయ ప్రమాణం 2023లో వెలువడింది. ప్రయోగశాలలో క్లోరైడులను ఇది బాగా అడ్డుకుంటోంది. అయితే స్లాగ్ సిమెంటుకున్నంత సుదీర్ఘ సముద్రానుభవం దీనికింకా లేదు.

లోపం మరోచోట ఉంది. క్లింకర్ తగ్గితే కాంక్రీటులో సున్నం నిల్వ తగ్గుతుంది. నీటికి ఎగువన ఉండే భాగాల్లో గాలిలోని బొగ్గుపులుసు వాయువు త్వరగా చొరబడి ఊచలకున్న క్షారరక్షణను హరిస్తుంది. ఊచలపై తగిన మందాన కాంక్రీటు కప్పవలసిందే. ఆటుపోట్ల మండలంలో అది 75 మిల్లీమీటర్లు.

అన్నిటికంటే కీలకం క్యూరింగ్. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు చాలగా, మిశ్రమ సిమెంటును 10 రోజులైనా తడపాలి. సముద్రపు నీటితో తడపడాన్ని ప్రమాణం సిఫార్సు చేయదు. తీరంలో మంచినీరు దొరకని చోట ట్యాంకర్లతో తెప్పించాలి. పని ముగించే తొందరలో గుత్తేదారులు కోత పెట్టేది సాధారణంగా ఈ పద్దులోనే.