ఒకే గాడిలో రెండు గొంతులు

ధ్వని పాఠం వచ్చినప్పుడల్లా తరగతి గదిలో రికార్డు ప్లేయరు పెట్టి ఒక ఎల్పీ తిప్పడం నాకు అలవాటు. ఈసారి జనగామలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఎడమ స్పీకరుకు చెవి ఆనించి కాసేపు విన్నది. లేచి వెళ్లి కుడి స్పీకరు దగ్గర కూర్చుని మళ్లీ విన్నది. “సార్, సూది ఒక్కటే గదా! ఇటు పాట, అటు గిటారు... రెండు తీర్లుగ ఎట్ల ఇనవడుతున్నది?” అని అడిగింది. ఇంతకంటే మంచి ప్రశ్న ఆ పాఠంలో లేదు.

అదే రోజుల్లో భూపాలపల్లి నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. సింగరేణిలో ఉద్యోగం, పాత ఇంగ్లిష్ రాక్ సంగీతమంటే ప్రాణం. బీటిల్స్ బృందం రికార్డుల బాక్సు సెట్టు వేలకు వేలు పోసి కొనవచ్చా అని అడిగాడు. ఆ పిల్లకీ ఇతనికీ చెప్పాల్సిన జవాబు ఒక్కచోటే ఉంది. వెంట్రుక మందం కూడా లేని గాడిలో.

ఆ గాడి చరిత్ర ఇద్దరి పోటీతో మొదలైంది. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ చేసినప్పుడు సూది పైకీ కిందికీ ఆడేది. గొంతు పెద్దదైతే గొట్టానికి చుట్టిన తగరపు రేకులో గుంట లోతయ్యేది, చిన్నదైతే పైపైనే పోయేది. పదేళ్ల తర్వాత ఎమిల్ బెర్లినర్ అనే ఆయన గొట్టాన్ని పక్కనపెట్టి బల్లపరుపు పళ్లెం తెచ్చాడు. ఆయన సూది పక్కలకు ఆడేది. గాడి లోతు ఎప్పుడూ ఒకటే, అది కుడికీ ఎడమకీ వంకర్లు తిరుగుతూ పోతుంది. పళ్లేన్ని అచ్చు వేసి ఒకదానివెంట ఒకటి వేలకొద్దీ తీయొచ్చు కాబట్టి బజారు బెర్లినర్‌కే దక్కింది. ఎడిసన్ మాత్రం చాలా ఏళ్లు పట్టు విడవలేదు. తాను కూడా పళ్లేలు చేయాల్సి వచ్చినప్పుడు సైతం వాటిలో సూదిని పైకీ కిందికే ఆడించాడు. చివరికి 1929లో ఆ వ్యాపారాన్నే మూసేశాడు. పక్కలకు ఆడేది గెలిచింది, పైకీ కిందికీ ఆడేది ఓడింది అనుకున్నారు అందరూ. ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు ఇక్కడే ఉంది.

ఆ మలుపు తిప్పినవాడు ఆలన్ బ్లమ్‌లైన్, లండన్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజినీరు. సినిమా హాల్లో నటుడు తెర మీద ఓ పక్కన నిలబడి మాట్లాడుతుంటే గొంతు ఇంకెక్కడినుంచో రావడం ఆయనకు నచ్చలేదట. 1931 డిసెంబరులో ఒక పేటెంటు దాఖలు చేశాడు. అందులోని ఒక ఊహ ఇది: గాడిని V ఆకారంలో చెక్కుదాం. దానికి రెండు గోడలుంటాయి, ఒక్కొక్కటి రికార్డు ఉపరితలానికి 45 డిగ్రీల వాలులో. వాటి మధ్య కోణం సరిగ్గా 90. లోపలి గోడ మీద ఎడమ స్పీకరు ధ్వని, బయటి గోడ మీద కుడి స్పీకరు ధ్వని రాద్దాం.

ఇది ఎందుకు పనిచేస్తుందో చూడండి. లంబకోణంలో ఉన్న రెండు దిశల్లో ఒకదాని వెంట కదిలితే రెండోదాని వెంట కదలిక సున్నా. గ్రాఫ్ కాగితం మీద x అక్షం వెంట ఎంత దూరం జరిగినా y విలువ మారదు కదా, అదే సూత్రం. ఎడమ గోడ సూదిని నెట్టినప్పుడు సూది కుడి గోడ వెంటే జారుతుంది తప్ప దాన్ని కదిలించదు. సూది కడ్డీకి అవతలి చివర కూడా అదే 90 డిగ్రీల కోణంలో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో ఎడమ వైపు విద్యుత్తు పుడుతుంది, రెండోదాంట్లో కుడి వైపుది. సూది ఒక్కటే, కానీ ఏ క్షణంలోనైనా అది చేసే కదలిక రెండు కదలికల మొత్తం. తీగచుట్టలు ఆ మొత్తాన్ని మళ్లీ విడగొడతాయి. పిల్లలకు వెక్టర్ల విభజన చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు ఆ మలుపు సంగతి. పాట రెండు స్పీకర్లలోనూ సమానంగా ఉందనుకుందాం. అప్పుడు రెండు గోడలూ కలిసి సూదిని పక్కకు నెడతాయి. సూది అచ్చం బెర్లినర్ సూదిలాగా పక్కలకే ఆడుతుంది. అందుకే ఇలా రెండు ధ్వనులుండే స్టీరియో రికార్డు గాడిలో, ఒకే ధ్వని ఉండే పాతకాలపు మోనో రికార్డు కూడా దాగి ఉంటుంది. మరి ఎడమకీ కుడికీ తేడా ఉన్నచోట? అక్కడ గాడి లోతు మారుతుంది, సూది పైకీ కిందికీ లేస్తుంది. అంటే రెండు ధ్వనుల కూడిక పక్కకదలికగా, తీసివేత నిలువు కదలికగా రాసి ఉంటాయి. బెర్లినర్ మొత్తాన్ని మోస్తాడు, ఎడిసన్ తేడాను మోస్తాడు. ఓడిపోయాడనుకున్న ఎడిసన్ గాడిలోకి తిరిగొచ్చి సగం పని చేస్తున్నాడన్నమాట! బీజగణితంలో (అ+ఆ), (అ−ఆ) తెలిస్తే అ, ఆ రెండూ దొరుకుతాయి. దాన్ని ప్లాస్టిక్ మీద చెక్కి చూపించారు.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. గంభీరమైన మంద్ర ధ్వనికి సూది చాలా దూరం ఆడాలి. అది నిలువుగా ఆడితే గాడి ఒకచోట మరీ లోతై, ఇంకోచోట మాయమైపోతుంది. సూది ఎగిరి పక్క గాడిలో పడుతుంది. కాబట్టి బాస్ గిటారునూ పెద్ద డ్రమ్మునూ రెండు స్పీకర్లకూ సమానంగా పంచి మధ్యలో పెట్టడం రికార్డు చెక్కేవాళ్లకు శ్రేయస్కరం. రాక్ పాటల్లో ఆ దరువు ఎప్పుడూ ఎదురుగా మధ్యలోనుంచి వచ్చినట్టు వినిపించడానికి సంగీతంతో పాటు ఈ గాడి కూడా ఒక కారణం.

పాడైపోయిన రికార్డు ముక్కలను మా బడి మైక్రోస్కోపు కింద పెట్టి, పైనుంచి టార్చి కొట్టి పిల్లలకు చూపించాను. మోనో రికార్డులో గాడి రెండు అంచులూ ఒకే దూరం పాటిస్తూ జంటగా వంకర్లు తిరుగుతాయి. స్టీరియోలో అలా కాదు. ఒక అంచు తిన్నగా పోతుంటే రెండోది వణుకుతుంది, గాడి ఒకచోట ఉబ్బి ఇంకోచోట సన్నబడుతుంది. అడిగిన పిల్ల తానే కన్నుపెట్టి చూసి “గీ పక్కది ఊకున్నది సార్, ఆ పక్కది పాడుతున్నది” అన్నది. నేను చెప్పాల్సిందంతా అయిపోయింది.

బ్లమ్‌లైన్ తన పద్ధతితో 1934లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో వాద్యబృందాన్ని రికార్డు చేశాడు. కానీ 1942లో, రెండో ప్రపంచయుద్ధంలో, రాడార్ పరికరాన్ని పరీక్షిస్తున్న విమానం కూలి 38 ఏళ్లకే చనిపోయాడు. స్టీరియో రికార్డులు బజారుకు వచ్చింది 1957–58లో. అప్పటికి ఆయన పేటెంటు గడువే తీరిపోయింది.

బాక్సు సెట్టు దగ్గరికి వద్దాం. ఇది మనకు కొత్తేం కాదు. నిమిషానికి 78 సార్లు తిరిగే రికార్డుల కాలంలో పౌరాణిక నాటకాలు సెట్లుగా వచ్చేవి. పది అంగుళాల రికార్డుకు ముఖానికి మూడు నిమిషాలే. గంట నాటకం వినాలంటే పది రికార్డులు, ఇరవై ముఖాలు, మధ్యలో కీ ఇచ్చుకోవడం, ఉక్కు సూది మార్చుకోవడం. రంగస్థలం మీద వన్స్‌మోర్లతో సాగే పద్యం మూడు నిమిషాల్లో ఒదగాల్సిందే. ఆ రికార్డులు లక్కతో చేసినవి. మహబూబాబాద్ నుంచి గూడూరు, కొత్తగూడ వైపు వెళ్తే ఫాల్గుణంలో అడవంతా ఎర్రగా పూసే మోదుగ చెట్టు ఉంది చూడండి, లక్కపురుగు బతికే చెట్లలో అదొకటి. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడినప్పుడు ఆ రికార్డులను జర్మనీలో అచ్చువేశారు. మన దేశపు లక్క ఓడెక్కి వెళ్లి పాటై తిరిగొచ్చేది.

1948లో వినైల్ ఎల్పీ వచ్చాక ముఖానికి ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. ఒక ముఖంలోని గాడిని విప్పి సాగదీస్తే దాదాపు అర కిలోమీటరు పొడవు. ఇక్కడే కొనేవాళ్లు గమనించాల్సిన లెక్క ఉంది. పళ్లెం నిమిషానికి 33⅓ సార్లే తిరుగుతుంది, కానీ బయటి అంచున సూది కింద గాడి సెకనుకు 51 సెంటీమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. లోపలికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. సెకనుకు పదివేల కంపనాలుండే తాళపు ధ్వనిలో ఒక్కొక్క అల బయట 51 మైక్రాన్ల చోటులో హాయిగా ఉంటే, లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కోవాలి. మామూలు సూది మొన వ్యాసార్ధమే 18 మైక్రాన్లు. అందుకే ముఖం చివరి పాటలో తాళాలు గరగరమంటాయి, ‘స’కారాలు చీలిపోతాయి. నిమిషాలు పెరిగేకొద్దీ గాడి లోపలికి చొచ్చుకుపోతుంది, లేదా వంకర్లు చిన్నవై ధ్వని తగ్గుతుంది.

కాబట్టి సెట్టు చేతికి తీసుకుంటే నేను ముందు చూసేది పెట్టె కాదు, ముఖానికి ఎన్ని నిమిషాలన్నది. ఒక ఎల్పీలో ఉన్నదాన్ని రెండు రికార్డులకు పరిచి 45 వేగంతో చెక్కారంటే, అది ఊరికే ధర పెంచడం కాదు. ప్రతి అలకూ 1.35 రెట్లు చోటు దొరికింది. ఆ డబ్బుకు విలువుంది. బరువు మాత్రం నన్ను కదిలించదు. 180 గ్రాముల రికార్డు గట్టిగా ఉంటుంది, తొందరగా వంగదు. గాడి కొలతల్లో మార్పేమీ ఉండదు. డిజిటల్ తగలని శుద్ధమైన టేపు నుంచి చెక్కామన్న మాట మీద కూడా ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. మొబైల్ ఫిడిలిటీ అనే అమెరికా కంపెనీ తన రికార్డుల తయారీలో డిజిటల్ మెట్టు ఉందని 2022లో ఒప్పుకుంది. అంతవరకూ ఏళ్ల తరబడి వాటిని ఇష్టంగా విన్నవాళ్లు చెవితో కనిపెట్టలేకపోయారు.

బీటిల్స్ విషయంలో నా అభిప్రాయం ఖచ్చితంగా చెబుతాను: 2014లో వచ్చిన మోనో సెట్టు కొనదగ్గది. 14 రికార్డులు. దాన్ని పాత టేపుల నుంచే చెక్కారు కానీ నా కారణం అది కాదు. 1960లలో ఇంగ్లండు ఇళ్లలో ఎక్కువగా ఉన్నది మోనో ప్లేయర్లే. ఆ బృందం తమ నిర్మాత జార్జ్ మార్టిన్‌తో కలిసి దగ్గర కూర్చుని శ్రద్ధగా కలిపింది మోనో మిక్సులనే. స్టీరియోవి తర్వాత త్వరత్వరగా అయిపోయాయి. తొలి పాటలు కొన్నిట్లో గొంతులు ఒక స్పీకరుకూ వాద్యాలు రెండోదానికీ పోయి మధ్యలో ఖాళీ మిగిలింది. గాడికి రెండు గోడలున్నాయి కదా అని పాటను రెండు ముక్కలు చేస్తే అది బ్లమ్‌లైన్ కోరిన స్టీరియో కాదు. ఆయన కోరింది మనుషులు ఎదురుగా నిలబడి పాడినట్టు వినిపించడం. ఆ సెట్టు ఇప్పుడు చేతులు మారే భారీ ధరకే దొరికితే వదిలేసి, అందులోని ఆల్బములు విడిగా వచ్చాయి కాబట్టి ఇష్టమైనవి రెండు మూడు కొనుక్కోమన్నాను. ఆ మిక్సులే కావాలంటే 2009 నాటి సీడీ సెట్టులోనూ ఉన్నాయి.

ఎల్పీల తర్వాతి కథ అందరికీ తెలిసిందే. క్యాసెట్టు వచ్చింది, 1982లో సీడీ వచ్చింది, పెళ్లిళ్ల మైకుసెట్ల వాళ్లు రికార్డుల పెట్టెలు అటకెక్కించారు. కానీ 2022 నాటికి అమెరికాలో సీడీల కంటే వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి.

నా మిత్రుడికి ఇంకో మాట కూడా చెప్పాను. అతని ప్లేయరులో సూది ఎన్నేళ్ల నాటిదో అతనికే గుర్తులేదు. వజ్రమైనా సరే కొన్ని వందల గంటలకు అరిగి చదునవుతుంది, అప్పుడది గోడలను చదవడం మాని గీకడం మొదలుపెడుతుంది. కొత్త సెట్టు మీద అలాంటి సూది పెడితే మొదటిసారి నుంచే తాళాల ధ్వని దెబ్బతింటుంది. ముందు అండాకారపు మొన ఉన్న కొత్త సూది తెప్పించుకో, అది లోపలి గాడుల్లో కూడా దూరుతుంది, రికార్డుల సంగతి ఆ తర్వాత చూద్దాం అన్నాను. ఆర్డరు పెట్టాడు.