కట్ట కొత్తది, కాలువలు పాతవే: లినక్స్‌లో పాత లైబ్రరీని ఎలా మారుస్తారు?

2018 ఫిబ్రవరిలో ఒక విచిత్రం జరిగింది, గుర్తుందా? మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయిపోయేవి. ‘జ్ఞా’ని ఒక పద్ధతిలో టైప్ చేస్తే వచ్చిన తంటా అది. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అంటే సరిచేసే మనుషులు అక్కడ ఉన్నారు. మరి అలాంటి కోడ్‌ని చూసుకునేవాళ్లే లేకపోతే? ఇవాళ్టి టాపిక్ అదే.

మనం ‘కృష్ణా’ అని కొడితే ఫోన్ లోపల ఉండేది ఆరు విడి కోడ్‌లు: క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం. ణ-వత్తుని ష కింద పెట్టి, దీర్ఘాన్ని ష మీదకి చేర్చే పని ఒక లైబ్రరీది. లైబ్రరీ అంటే చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే కోడ్ అన్నమాట.

లినక్స్‌లో ఒకప్పుడు కొన్ని ప్రోగ్రామ్‌లు ఈ పనికి ఐసీయూ లేఅవుట్ ఇంజిన్ వాడేవి. దాన్ని ఇక వాడొద్దని 2014లో ఐసీయూ 54తో చెప్పేశారు, 2016లో ఐసీయూ 58 నుంచి తీసేశారు. దాని స్థానంలోకి వచ్చింది హార్ఫ్‌బజ్. ఇవాళ ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అన్నీ వాడేది దీన్నే.

“పాతది పనిచేస్తోందిగా, ఎందుకు కదపడం?” అనొచ్చు. నెట్‌లో దొరికిన ఫాంట్ ఫైల్‌ని చదివేది ఈ కోడే కదా. అందులో సెక్యూరిటీ లోపం బయటపడితే ప్యాచ్ ఇచ్చేవాళ్లు ఉండాలి.

అలాగని డెబియన్ లాంటి డిస్ట్రిబ్యూషన్‌లో ఒక లైబ్రరీని టక్కున పీకేయలేరు. దాని మీద ఏయే ప్యాకేజీలు ఆధారపడ్డాయో ముందు లిస్టు తీస్తారు. ఒక్కోదాన్నీ కొత్త లైబ్రరీకి మార్చి, మళ్లీ బిల్డ్ చేసి, టెస్ట్ చేస్తారు. ఎవరూ మార్చని ప్యాకేజీ చివరికి డిస్ట్రిబ్యూషన్ నుంచే పోతుంది. లిబ్రేఆఫీస్‌నే చూడండి: లినక్స్‌లో 2013లో 4.1తో మారింది, అన్ని సిస్టమ్‌లలో మారడానికి 2017లో 5.3 దాకా పట్టింది.

మరి మార్చడం కుదరని పాత ప్రోగ్రామ్‌లు? ఇక్కడ మన బెజవాడ గుర్తుకొస్తుంది. 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టకి 1952లో గండి పడింది. 1957కల్లా ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కట్ట మారింది గానీ బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అవే. డెల్టా రైతు కొత్త కాలువ తవ్వుకోవాల్సిన పని పడలేదు. ఐసీయూ-ఎల్‌ఈ-హెచ్‌బీ అనే చిన్న లైబ్రరీ చేసిందీ అదే. పాత ప్రోగ్రామ్ పాత పద్ధతిలోనే అడుగుతుంది, లోపల పనిచేసేది హార్ఫ్‌బజ్.

చివరిగా ఒక్క మాట. ఈ కోడ్ రాసేవాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. వత్తు ఊడిపోయి పక్కకి పడినా, అది తప్పని వాళ్లకి తెలియదు. మీకు తెలుస్తుంది. కాబట్టి ఏ యాప్‌లోనైనా తెలుగు విరిగినట్టు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి, సరైన రూపం పక్కన పెట్టి, రిపోర్ట్ చేయండి. ఆ పని మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు చెప్పండి? మళ్లీ కలుద్దాం, ఉంటాను!