కంప్యూటరునకు ప్రింటరు ఎంత దూరమున నుండవచ్చును?

కంప్యూటరు గది ఒక మూలను, కార్యాలయము వేరొక మూలను ఉండుట కళాశాలలలో పరిపాటి. ప్రింటరు ఒకటియే, కావలసినవారు ఇరువురు. అపుడు అందరికిని తోచు ఉపాయము పొడవైన కేబులు తెచ్చి తగిలించుట. దీపమునకు తీగను ఎంత దూరమైనను లాగుచున్నాము గదా, ప్రింటరునకు ఏల లాగరాదని విద్యార్థులు మమ్ము తరచుగా అడుగుచుందురు. లాగవచ్చును. కాని తీగ పొడవునకు హద్దు విధించు కారణము అన్ని కేబులులకు ఒకటి కాదు. ఆ కారణము నెరుగక కొన్న సామాను వృథా యగును. ఒక్కొక్కప్పుడు కంప్యూటరే చెడిపోవును.

మొదట పాతదైన సీరియల్ పద్ధతిని చూతము. ఆర్.ఎస్. 232 అను ప్రమాణము 1960లో అమెరికాలో వెలువడినది. 1969 నాటి 'సి' సవరణ మిక్కిలి వ్యాప్తిని పొందినది. ఇందు బిట్లు ఒకదాని వెనుక ఒకటిగా ఒకే తీగ వెంట నడచును. +3 నుండి +15 వోల్టుల వరకు సున్న. -3 నుండి -15 వరకు ఒకటి. ఆ ప్రమాణము సూచించిన దూరము 50 అడుగులు. ప్రక్కప్రక్కన సాగు రెండు తీగలు కెపాసిటరు వలె ప్రవర్తించును. పొడవు హెచ్చిన కొలది కెపాసిటెన్సు హెచ్చును. బిట్టు మారినపుడెల్ల ఆ కెపాసిటరును నింపవలెను, మరల ఖాళీ చేయవలెను. పెద్ద కాగు సన్నని ధారతో నిండుటకు ఆలస్యమగునట్లు, ఇచట వోల్టేజి మెల్లగా లేచును; అది పూర్తిగా లేవకమునుపే తరువాతి బిట్టు వచ్చి పడును. అందుచేతనే పిమ్మటి సవరణలలో అడుగుల లెక్కను విడిచి, 2500 పికోఫారడ్ల కెపాసిటెన్సునే హద్దుగా నిర్ణయించిరి. దీనికి మందు సులభము: వేగము తగ్గించుట. సెకనుకు 9600 బిట్లు పోవునపుడు ఒక్కొక్క బిట్టునకు 104 మైక్రోసెకన్లు లభించును. 1200కు తగ్గించినచో దానికి ఎనిమిది రెట్లు.

వేగము తగ్గించినను తీరని చిక్కు ఎర్తు వలన కలుగును. ఈ పద్ధతిలో వోల్టేజిని రెండు యంత్రములకు ఉమ్మడియైన ఎర్తు తీగతో పోల్చి కొలుతురు. కాని రెండు భవనముల ఎర్తులు సమముగా నుండునని నమ్మరాదు. కొద్ది వోల్టుల తేడాయే సంకేతమును చెరుపగలదు. సమీపమున పిడుగు పడినచో ఆ తేడా విపరీతముగా పెరిగి, కేబులు రెండు చివరలనున్న చిప్పులను కాల్చివేయగలదు. 1975 నాటి ఆర్.ఎస్. 422, 1983 నాటి ఆర్.ఎస్. 485 ప్రమాణములు ఈ చిక్కును చాలవరకు తీర్చినవి. వీటియందు ఒక్కొక్క సంకేతమునకు పెనవేసిన రెండు తీగలు ఉండును; రెండింటి నడుమ తేడాను మాత్రమే కొలుతురు. బయటి అలజడి రెండింటిపై సమముగా పడును గనుక తేడా మారదు. సెకనుకు లక్ష బిట్ల వేగమున సుమారు 1200 మీటర్ల వరకు పంపవచ్చును. తీగలను పెనవేయు ఈ ఉపాయమునకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోను నిమిత్తమై 1881లోనే పేటెంటు పొందెను!

ఎనిమిది తీగలపై ఎనిమిది బిట్లను ఒకేసారి పంపు పారలల్ ప్రింటరు కేబులునకు వేరొక బాధ. జట్టుగా బయలుదేరిన బిట్లు దూరము పోవు కొలది ముందువెనుకలగును. ఒక తీగలోని సంకేతము ప్రక్క తీగలోనికి చొరబడును. 1994 ప్రమాణముననుసరించి చేసిన మేలైన కేబులు 10 మీటర్లు పోవును. ఈ పద్ధతి నేడు దాదాపుగా అంతరించినది కావున ఇంతటితో విడుతుము.

నేడు అందరి చేతిలోనున్నది యు.ఎస్.బి. ఇది 1996లో ప్రవేశించినది. పెనవేసిన తీగలే యున్నను 5 మీటర్లకే ఆగుటకు ముఖ్యకారణము కాలము. కంప్యూటరు ప్రశ్నించును; పరికరము వెంటనే బదులు పలుకవలెను. సెకనుకు 12 మెగాబిట్ల వేగమున కంప్యూటరు వేచియుండునది సుమారు ఒకటిన్నర మైక్రోసెకను మాత్రమే. తీగలో సంకేతమునకు మీటరుకు సుమారు 5 నానోసెకన్లు పట్టును. ఒక్కొక్క కేబులునకు 26 నానోసెకన్లు మించరాదని నియమము. నడుమ హబ్బులను ఉంచి పొడిగింపవచ్చును గాని, ఐదు హబ్బులు, ఆరు కేబులులు, మొత్తము 30 మీటర్లు దాటరాదు. హబ్బు సంకేతమునకు బలము నిచ్చునే గాని కాలము నీయజాలదు. దూరమునుండి గట్టిగా అరచినంత మాత్రమున మాట ముందుగా చేరదు గదా! నెట్వర్కు కేబులుపై 100 మీటర్ల వరకు పంపు పొడిగింపు పెట్టెలు ఒక యుక్తి చేయును. కంప్యూటరు ప్రక్కనున్న పెట్టె, పరికరము తరఫున 'ఇంకను సిద్ధము కాలేదు' అని వెంటనే బదులిచ్చి, ఈలోపల అసలు జవాబును తెప్పించి ఉంచి, మరల అడిగినపుడు అందించును.

విద్యుత్తు సంగతియు మరువరాదు. మీటరుకు 0.2 ఓము నిరోధముగల సన్నని తీగ 10 మీటర్లు సాగినచో, రాకపోకలకు 4 ఓములు. అర ఆంపియరు ప్రవహించినచో 5 వోల్టులలో 2 వోల్టులు దారిలోనే పోవును. పొడవాటి చౌక కేబులునకు తగిలించిన స్కానరు వెలుగుచునే పనిచేయకుండుటకు తరచుగా ఇదియే హేతువు.

మా అభిప్రాయమున, నెట్వర్కు సదుపాయముగల ప్రింటరునకు యు.ఎస్.బి. కేబులును పొడిగింప పూనుకొనుట దండుగ. ఈథర్నెట్ కేబులు 100 మీటర్లు పోవును. ఇరు గదులవారును వాడుకొనవచ్చును. భవనము దాటి పోవలసినచో రాగిని విడిచి, విద్యుత్తును ప్రసరింపజేయని ఫైబరును వేయుట మేలు. ఎర్తుల తేడా దానిని అంటదు. పాత సీరియల్ పరికరమే వాడవలసియున్నచో, కాంతి ద్వారా సంకేతమును దాటించు ఐసొలేటరును నడుమ తప్పక ఉంచవలెను. గొట్టములో ఫైబరు లాగునపుడే ఒక త్రాడును కూడ విడిచిపెట్టినచో, మరియొక కేబులు వేయవలసివచ్చినపుడు గోడ త్రవ్వనక్కరలేదు.