సగములో ఆగిన సూదిపని

అనేక గృహములలో బట్టలపెట్టె అడుగున ఒక మూట ఉండును. దానిని విప్పినచో మూడు రేకులు నిండి రెండు రేకులు నిండని పువ్వు, ఒక రెక్క మాత్రమే గల చిలుక, సూది గుచ్చియే వదలిన గుడ్డ, చిక్కుపడిన రంగుదారపు లచ్చలు కానవచ్చును. మొదలుపెట్టిననాడు ఉత్సాహమునకు లోటు లేదు. పిమ్మట పరీక్షలు వచ్చినవి, పెండ్లి వచ్చినది, బిడ్డ పుట్టినది, పని ఆగినది. చూచుచుండగా పది సంవత్సరములు గడచినవి.

ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయిని అట్టి మూటను విప్పినదనుకొందము. అందులో నాలుగు పనులున్నవి. మొదటిది మాట్టీ గుడ్డపై క్రాస్ కుట్టుతో సగము నిండిన చిత్రము. రెండవది అంచున 20 పువ్వులు మిగిలిపోయిన నూలు బల్లగుడ్డ. మూడవది ఆమె తల్లి గొలుసుకుట్టుతో ప్రారంభించి, పూర్తిచేయకయే కన్నుమూసిన పట్టు రవికగుడ్డ. నాలుగవది పురుగులు తిన్న ఉన్నిపని. ఒక సంవత్సరములో వీటిని ముగింపవలెనని ఆమె సంకల్పము. ఇది వట్టి ఓపికకు సంబంధించిన విషయముగా తోచును. కాని ఇందులో రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రము, మనస్తత్త్వశాస్త్రము మూడును ఇమిడి ఉన్నవి. వాటిని గమనింపక పనికి పూనుకొన్నచో తల్లి కుట్టిన కుట్లు ఒక్క ఉతుకుతో పాడుకావచ్చును. ఆ నష్టమును పూడ్చుట ఎవరి తరమును కాదు.

పెట్టెలోని గుడ్డకు ఏమి జరుగును?

పెట్టెలో పెట్టిన గుడ్డ నిద్రపోవుచున్నదని మనము తలచెదము. నిజమునకు అది మెల్లగా మారుచునే ఉండును. నూలుగుడ్డ ముఖ్యముగా సెల్యులోజ్ అను పదార్థముతో ఏర్పడినది. గ్లూకోజు ఘటకములు వేలకొలది గొలుసువలె కలిసి సెల్యులోజ్ అణువు అగును. గొలుసు పొడవుగా ఉన్నంతకాలము దారము బలముగా ఉండును. ఆమ్లము, తేమ కలిసి ఈ గొలుసును మధ్యమధ్య తెంచును. గాలిలోని ఆమ్లజని దానిని ఆక్సీకరించి పసుపురంగుకు త్రిప్పును. చేతి చెమట, నూనె అంటిన చోట ఈ మార్పు మరింత త్వరితముగా జరుగును. కుట్టురింగు బిగించిన చోట గుండ్రని మరక ఏర్పడుటకు కారణము ఇదియే. అచ్చట మడత, మురికి, చేతి జిడ్డు మూడును చేరును.

గుడ్డలో విడిచిన సూది ఇంకను ప్రమాదకరము. సూది ఉక్కుతో చేసినది. పైపూత అరిగిన చోట తేమ తగిలి తుప్పు పట్టును. ఆ తుప్పు వట్టి మరక మాత్రమే కాదు. ఇనుము సెల్యులోజ్ ఆక్సీకరణమును వేగిరపరచును. కనుక తుప్పు చుట్టునున్న నూలు పెళుసుబారి, కొన్నాళ్ళకు అచ్చట రంధ్రము పడును. పని ఒక్క వారము ఆగవలసివచ్చినను సూదిని, రింగును తీసివేయుట మంచిది.

పట్టు, ఉన్ని వేరు జాతివి. ఇవి మాంసకృత్తులు. నూలు క్షారమునకు చాలవరకు తట్టుకొనును, ఆమ్లమునకు లొంగును. పట్టు, ఉన్ని క్షారమునకు లొంగిపోవును. అందుచేతనే బల్లగుడ్డను ఉతికిన చాకలిసోడా నీళ్ళలో రవికగుడ్డను ముంచరాదు. పట్టునకు వెలుతురు కూడ శత్రువే. ఎండలోని అతినీలలోహిత కిరణములు దానిని పసుపుబార్చి బలహీనపరచును. కావున పట్టును నీడననే ఆరవేయవలెను. మడతలపై ఎప్పుడును ఒకే గీత పడినచో దారములు అచ్చటనే తెగును. మడవక, శుభ్రమైన తెల్లని గుడ్డ చుట్టిన గొట్టముపై చుట్టి ఉంచుట మేలు.

ఉన్నిని తిను పురుగుల డింభకములు అందలి కెరాటిన్ అను మాంసకృత్తును జీర్ణించుకొనగలవు. రామబాణపు పురుగు నూలుగుడ్డకు పెట్టిన గంజికై వచ్చును. కావున దాచు గుడ్డలకు గంజి పెట్టరాదు. పురుగు పట్టిన ఉన్నిపనిని మిగిలిన వాటినుండి వెంటనే వేరుచేయవలెను.

రంగుల చిక్కు

పాతపనిని తిరిగి ప్రారంభించువారు మొదట చేయు పొరపాటు, మురికిగా ఉన్నదని గుడ్డ మొత్తమును నీళ్ళలో ముంచుట. అన్ని అద్దకములును దారమును ఒకే గట్టిగా పట్టుకొనవు. ఎఱ్ఱదారము రంగు విడిచినచో తెల్లని నేలయంతయు గులాబిరంగు అగును. దీనికి సులభమైన పరీక్ష కలదు. తెల్లని దూదిని చల్లని నీటితో తడిపి, గుడ్డ వెనుకవైపున ఒక్కొక్క రంగుదారముపై కొంచెము సేపు ఒత్తి ఉంచవలెను. దూదికి రంగు అంటినచో ఆ గుడ్డను తడుపరాదు. తర్వాత ఉతుకునపుడు వాడదలచిన సబ్బునీటితో కూడ ఇట్లే పరీక్షింపవలెను.

రెండవ చిక్కు క్రొత్త దారమును పాతదారముతో జతపరచుట. అంగడిలో దీపము క్రింద రెండును ఒకటిగా కనుపించి, ఇంటికి వచ్చి పగటి వెలుతురులో చూడగా వేరుగా తోచును. ఇది కంటి భ్రమ కాదు. వస్తువు రంగు దానిపై పడు కాంతిలోని తరంగములపై కూడ ఆధారపడును. రెండు అద్దకములు వేర్వేరు తరంగములను పీల్చుకొనుచున్నను, ఒక రకపు కాంతిలో మన కంటికి సమానముగా తోచవచ్చును. కాంతి మారగానే ఆ సమానత్వము పోవును. కనుక దారమును పగటి వెలుతురులోను, దీపకాంతిలోను కూడ పోల్చి కొనవలెను. ఒకే రంగు సంఖ్య గల లచ్చలు కూడ వేర్వేరు పర్యాయములు అద్దినవైనచో కొంచెము తేడాపడును. అందుచే పనికి కావలసిన దారమంతయు ఒక్కసారియే కొనుట వివేకము. పాత కుట్టు వెలిసినచో వెనుకవైపు చూడవలెను. వెలుతురు సోకని ఆ వైపున అసలు రంగు తరచుగా మిగిలియుండును.

మనస్సు ఏల గుచ్చుచుండును?

మూట పెట్టెలో ఉన్నను మనస్సు దానిని మరువదు. 1927లో బెర్లిన్‌లో కుర్ట్ లెవిన్ శిష్యురాలు బ్లూమా జైగార్నిక్ ఈ విషయమై ప్రయోగములను ప్రకటించెను. ఆమె ఒక్కొక్కరికి 18 మొదలు 22 వరకు చిన్నచిన్న పనులిచ్చి, సగము పనులను మధ్యలో ఆపించెను. తరువాత అడుగగా, పూర్తియైన పనులకంటె ఆగిన పనులే వారికి ఎక్కువగా జ్ఞప్తికి వచ్చినవి. తరువాతివారి ప్రయోగములలో ఈ ఫలితము అన్నిచోట్ల నిలువలేదు. కాని 1928లో మరియా ఒవ్సియాంకినా గమనించిన సంగతి దృఢమైనది. ఆపిన పనిని, ఎవరును చెప్పకపోయినను, మనుష్యులు తిరిగి చేపట్టబోవుదురు. ఈ మొగ్గు మన పక్షమున ఉన్న బలము.

అయినచో మూట ఏల పదేండ్లు పడియుండెను? ఒక కారణము, దానిని తలచినప్పుడెల్ల మొత్తము పని ఒక్కసారిగా కనుపించుట. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అను అమెరికా పరిశోధకులు, తీరని పని మనస్సులో చొరబడి ఇతర పనులకు అడ్డుపడుననియు, అది ఎప్పుడు, ఎట్లు చేయవలయునో నిశ్చయించుకొన్నంతనే ఆ అడ్డు తగ్గుననియు చూపిరి. పని పూర్తికాకున్నను పథకము కుదిరిన మాత్రమున మనస్సు కొంత తేలికపడును.

లెక్క వేసి చూతము

పథకమునకు అంకెలు కావలెను. ఉపాధ్యాయిని చిత్రము 10 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పు కలది. అంగుళమునకు 14 గళ్ళు. ఒక చదరపు అంగుళమునకు 14 × 14 = 196 కుట్లు. మొత్తము 80 × 196 = 15,680 కుట్లు. అందులో సగము, అనగా 7,840 మిగిలినవి. ఆమె గడియారము పెట్టుకొని పది నిమిషములు కుట్టి చూడగా 30 కుట్లు పడినవి, నిమిషమునకు 3. ఈ లెక్కన సుమారు 2,613 నిమిషములు, అనగా దాదాపు 43½ గంటలు పట్టును. దినమునకు అరగంట చొప్పున 87 దినములు. బల్లగుడ్డ పువ్వులకు ఒక్కొక్కదానికి గంట చొప్పున 40 దినములు. రవికగుడ్డకు 30 దినములు. మొత్తము 157 దినములు.

ఇక్కడ ఆగినచో లెక్క తప్పును. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనువారు కెనడా విద్యార్థులను తమ పరిశోధన వ్యాసము ఎన్ని దినములలో ముగియునని అడిగిరి. వారు చెప్పిన సగటు 33.9 దినములు, నిజముగా పట్టినది 55.5 దినములు. మనుష్యుడు ముందునాటి పనిని ఊహించునపుడు జ్వరమును, చుట్టమును, చిక్కుపడిన దారమును లెక్కలో వేయడు. ఆ నిష్పత్తిలోనే పెంచినచో 157 దినములు 257 దినములగును. సంవత్సరములో ఇంకను 108 దినములు పండుగలకు, పరీక్షలకు మిగులును. కనుక సంకల్పము అసాధ్యము కాదు; కాని దినమునకు అరగంట తప్పరాదు.

ఋతువులను కూడ లెక్కింపవలెను. శుభ్రపరచు పనిని గాలి పొడిగానున్న మాసములలో చేయవలెను. పట్టుపనిని చలికాలమున పెట్టుకొనుట మంచిది. మే మాసపు చెమట చేతులతో పట్టును ముట్టరాదు. వానకాలమున గాలిలో తేమ పెరిగినపుడు బూజు పట్టును. అప్పుడు గుడ్డను ఇనుప పెట్టెలో మూసి మరచిపోక, మధ్యమధ్య తీసి నీడన గాలి తగులనీయవలెను.

నాలుగవ పని

ఉన్నిపనిని లెక్కలో చేర్చలేదు. దాని నేలగుడ్డయే శిథిలమైనది. అయినను "ఇంత శ్రమపడితిని గదా" అని మనస్సు దానిని విడువదు. 1985లో ఆర్క్స్, బ్లూమర్ అనువారు నాటకశాల టిక్కెట్లపై చేసిన ప్రయోగమును ప్రకటించిరి. ఋతువు మొదటి సగములో, తక్కువ ధరకు కొన్నవారికంటె పూర్తి ధర చెల్లించినవారు ఎక్కువ నాటకములకు హాజరైరి. గడచిన ఖర్చు రాబోవు నిర్ణయమును లాగుచుండునని దీని భావము. అడుగవలసిన ప్రశ్న ఇంతవరకు ఎంత శ్రమ పోయినదని కాదు. ఇకపై పెట్టు శ్రమకు ఫలమున్నదా అని. ఉపాధ్యాయిని అందులో చెడని ఒక పువ్వును కత్తిరించి పాఠశాలలో మాదిరిగా ఉంచి, మిగిలినదానిని విడిచివేసినచో అదియు పనిని ముగించుటయే.

మూడవ పనియందు ప్రశ్న వేరు. తల్లి బిగించిన కుట్టు, కూతురు బిగించు కుట్టు ఒకటిగా ఉండవు. చేతి బిగువు చేతికి చేతికి మారును. పాతకుట్లు విప్పి అంతయు తిరిగి కుట్టినచో గుడ్డ సమముగా కనుపించును గాని తల్లి పని మిగులదు. ఫ్రాన్సులోని బాయో పట్టణమున 11వ శతాబ్దపు సూదిపని ఒకటి కలదు. నారగుడ్డపై ఉన్నిదారముతో కుట్టిన ఆ పని పొడవు సుమారు 68 మీటర్లు. దాని చివరిభాగము నేడు లేదు. 2013లో ఆల్డెర్నీ దీవివాసులు ఆ చివరిభాగము ఎట్లుండునో ఊహించి వేరు గుడ్డపై కుట్టి ముగించిరి. పాతదానిని ముట్టలేదు. రవికగుడ్డపై కూడ తల్లి కుట్లను అట్లే ఉంచి, అవి ఆగిన చోటనుండి కూతురు తన కుట్టు వేయవచ్చును. రెండు చేతుల జాడ తెలియుట లోపము కాదు.

తరగతిలో చేయదగినవి

ఉపాధ్యాయులు రెండు సులభ ప్రయోగములు చేయింపవచ్చును. తడి నూలుగుడ్డలో ఒక పాత సూదిని, పొడి గుడ్డలో మరియొక సూదిని గుచ్చి, మొదటిదానిని తడి ఆరనీయక ఒక వారము ఉంచి పోల్చవలెను. రెండవది, ఇరువది చిన్న పనులలో పదింటిని మధ్యలో ఆపించి, పీరియడు చివర విద్యార్థులకు ఏవి జ్ఞప్తియందున్నవో వ్రాయించి పట్టికగా వేయవలెను. జైగార్నిక్ ఫలితము వచ్చినను రాకున్నను, వచ్చినదానినే ఉన్నదున్నట్లు వ్రాయుట విద్యార్థులు నేర్చుకొనవలసిన మొదటి పాఠము.

పెట్టె అడుగున మూట ఉన్నవారు ఈ సాయంకాలమే దానిని విప్పవచ్చును. మొట్టమొదట చేయవలసినది కుట్టుట కాదు. గుడ్డలో సూది మిగిలియున్నదేమో చూచి దానిని తీసివేయుట.