కొల్లూరు: కృష్ణాగర్భంలో కలిసిన వజ్రాల గని

పల్నాటి సీమలో, కృష్ణానది కుడిగట్టున కొల్లూరు అనే చిన్న గ్రామం ఉండేది. నల్లమల కొండలను చీల్చుకొని వచ్చిన కృష్ణవేణి ఈ ప్రాంతంలో అనేక వంపులు తిరిగి సముద్రం వైపు సాగుతుంది. ఒకవైపు నది, మరొకవైపు అర్ధచంద్రాకారంలో కొండలు, నడుమ గులకరాళ్లతో నిండిన నేల - ఇదీ కొల్లూరు నైసర్గిక స్వరూపం. ఆ గులకరాళ్ల నేలయే ఈ పల్లెకు ప్రపంచఖ్యాతిని తెచ్చిపెట్టింది.

వజ్రం భూగర్భంలో సుమారు 150 కిలోమీటర్లకు మించిన లోతున, తీవ్రమైన వేడిమికి, ఒత్తిడికి లోనైన కర్బనం నుండి రూపొందుతుంది. అగ్నిపర్వత ఉద్భేదాలు దానిని పైకి తెస్తాయి. దానిని మోసుకొని వచ్చిన శిలలు కాలక్రమంలో శిథిలమై నదీప్రవాహంలో కొట్టుకొనిపోతాయి. అత్యంత కఠినమైన వజ్రం మాత్రం అరిగిపోక గులకరాళ్ల మధ్య నిలిచిపోతుంది. అందువల్ల కొల్లూరులో లోతైన సొరంగాలు తవ్వవలసిన అవసరం కలుగలేదు.

ఈ గనులు గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో ఉండేవి. నేటి మెదక్ కోట కూడా ఒకప్పుడు ఆ రాజ్యంలోనిదే. 'గోల్కొండ వజ్రాలు' అనే పేరు వినగానే అవి గోల్కొండలోనే దొరికాయని చాలామంది భావిస్తారు. కాని గోల్కొండ వాటికి విపణి మాత్రమే, పుట్టినిల్లు కృష్ణాతీరం.

17వ శతాబ్దిలో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఈ గనిని స్వయంగా దర్శించి, 1676లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. స్థానికులు దీనిని 'గని' అని పిలిచేవారని ఆయన వ్రాశాడు. తెలుగు మాటనే ఆయన ఊరిపేరుగా గ్రహించాడన్నమాట. చిరుధాన్యం విత్తడానికి నేలను సిద్ధం చేస్తున్న ఒక పేదవానికి తొలి వజ్రం దొరికిందని అక్కడ చెప్పుకొనేవారట.

దైవపూజ చేసి, విందు ఆరగించిన పిమ్మట పని ప్రారంభమయ్యేది. పురుషులు నీరు ఊరేవరకు 10 నుండి 14 అడుగుల లోతు తవ్వేవారు. స్త్రీలు, పిల్లలు ఆ మట్టిని చుట్టూ చిన్న గోడ కట్టిన చదునైన స్థలానికి మోసేవారు. గుంటలో ఊరిన నీటినే ఆ మట్టిపై పోసి నానబెట్టి, బురదనీటిని గోడ రంధ్రాల గుండా వదిలివేసేవారు. మిగిలిన ఇసుకను ఎండబెట్టి, ధాన్యం వలె చేటలతో చెరిగి, గడ్డలను కర్రరోకళ్లతో దంచి, చివరకు చేతులతో వెదికేవారు. రైతుకు తెలిసిన కళ్లపు పనియే గనిపనికి ఉపకరించింది.

అక్కడ సుమారు 60,000 మంది పనిచేసేవారని టావెర్నియే పేర్కొన్నాడు. వర్తకులు జరిపిన కొనుగోళ్లపై రాజుకు నూటికి రెండు వంతుల సుంకం ముట్టేది. ఆయన ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అమ్మిన నీలివజ్రం కొల్లూరుదేనని పలువురి అభిప్రాయం. దాని నుండి రూపొందిన 'హోప్' వజ్రం 1958 నుండి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో ఉంది. కోహినూరు కూడా ఇక్కడిదేనని ప్రతీతి. ఆ రత్నాలను ధరించిన రాజుల పేర్లు చరిత్రకెక్కాయి. మట్టిలో నుండి వాటిని ఏరిన కూలీల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. 1720ల నాటికి బ్రెజిల్‌లోను, 1867లో దక్షిణాఫ్రికాలోను వజ్రాలు బయటపడ్డాయి. కృష్ణాతీరపు గనులు క్రమంగా క్షీణించాయి. వేలాది జనంతో కిటకిటలాడిన కొల్లూరు సామాన్యమైన సేద్యపుటూరుగా మారింది. ప్రపంచం దానిని ఎంతగా మరచిందంటే, టావెర్నియే చెప్పిన ఊరు ఇదేనని 19వ శతాబ్దిలో భూగర్భశాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ వంటి వారు మరల నిరూపించవలసి వచ్చింది.

2013లో జాతికి అంకితమైన పులిచింతల ప్రాజెక్టు జలాశయంలో కొల్లూరు మునిగిపోయింది. 45.77 టి.ఎం.సీ.ల సామర్థ్యం గల ఈ జలాశయం కృష్ణా డెల్టా పంటలకు ఆధారమయింది. గ్రామస్థులు ఇండ్లను, పొలాలను విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయారు. నాడు రాజుల కిరీటాలకు వజ్రాలనిచ్చిన ఊరు, నేడు దిగువ రైతుల పొలాలకు నీరందించడానికి తన ఉనికినే అర్పించింది. వజ్రాల కథ చెప్పుకొనేటప్పుడు ఆ గనిలో శ్రమించినవారిని, ఊరు విడిచి వెళ్లినవారిని కూడ స్మరించినప్పుడే ఆ కథ సంపూర్ణమవుతుంది.